‘పూర్వజన్మ’ అన్న మాటను కొట్టివేసిన అనువాద కేంద్రం: విజయనగరంలో నా అనుభవం

గంటస్తంభానికి కొంచెం అవతల, మందుల దుకాణం పైన మేడ మీద నడుస్తున్న ఒక చిన్న అనువాద, డీటీపీ కేంద్రంలో గత నెల నేను 14 పేజీల పని చేయించుకున్నాను. మతానికి, చరిత్రకు సంబంధించిన రచనలను తెలుగు చేయించుకోదలచిన వారికి ఉపయోగపడుతుందని నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

పుట్టుకతో వచ్చిన స్థితికి మతాలు ఏ కారణాలు చెప్పాయన్న అంశంపై మా ఆదివారం చదువరుల బృందంలో మాట్లాడవలసి వచ్చింది. అందుకని మార్మన్లుగా పేరుపడిన కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘానికి చెందిన రెండు పత్రాలను ఇచ్చాను. ఒకటి ఆ సంఘపు ప్రథమ అధ్యక్షత్వం (అధ్యక్షుడు, ఆయన సలహాదారులతో కూడిన అత్యున్నత మండలి) 1949లో చేసిన ప్రకటన. రెండవది 2013 డిసెంబరులో అదే సంఘం జాతి, యాజకత్వం (దేవుని పేరిట సంస్కారాలు జరిపే అధికారం) అన్న విషయంపై ప్రచురించిన వ్యాసం.

ఆ సంఘంలో యాజకత్వం కొద్దిమంది పురోహితులకు పరిమితమైనది కాదు. అర్హులైన పురుషులందరికీ, 12 ఏళ్ళు నిండే సంవత్సరం నుంచే లభిస్తుంది. ఆఫ్రికా సంతతి నల్లజాతివారికి మాత్రం అది దక్కదని 1852లో అప్పటి సంఘ అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ అమెరికాలోని యూటా చట్టసభలో ప్రకటించారు. అంతకుముందు, వ్యవస్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవించి ఉండగానే, 1836లో ఎలైజా ఏబెల్ అనే నల్లజాతీయుడికి యాజకత్వం ఇచ్చారు కనుక ఈ నిషేధం మొదటి నుంచీ ఉన్నది కాదు. జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి భక్తురాలు ఆలయ సంస్కారాల కోసం ఏళ్ళ తరబడి వేడుకొని, కోరినవి అందకుండానే 1908లో కన్నుమూసింది. నిషేధం 1978 జూన్‌లో, స్పెన్సర్ కింబల్ అధ్యక్షుడిగా ఉండగా తొలగిపోయింది.

ఈ నిషేధానికి చెప్పిన కారణాలలో కయీను శాపం ఒకటి; తమ్ముణ్ణి చంపినందుకు బైబిలులోని కయీనుకు తగిలిన శాపం నల్లజాతివారికి సంక్రమించిందన్నది ఆ వాదన. మరొకటి, మనుషులందరూ పుట్టకముందు దేవుని సన్నిధిలో ఆత్మలుగా ఉన్నారనీ, అక్కడ జరిగిన పోరాటంలో తక్కువ నిబద్ధత చూపిన ఆత్మలే నల్లజాతిలో పుట్టాయనీ కొందరు నాయకులు చేసిన వాదన. 1949 ప్రకటన కూడా పుట్టకముందు ఆత్మల నడవడిక ఈ లోకంలోని వారి స్థితిగతులను కొంతవరకు నిర్ణయిస్తుందన్న అర్థంలోనే సాగుతుంది.

ఈ చోటనే ఆ కేంద్రం పనితనం తెలిసింది. తొలి ప్రతిలో ‘పూర్వజన్మ’ అన్న మాటను కొట్టివేసి, అంచున ‘జన్మకు ముందరి ఉనికి’ అని పెన్సిలుతో రాసి ఉంది. అడిగితే అనువాదకురాలు, “మాస్టారూ, పూర్వజన్మ అంటే మనవాళ్ళకి ఇదే భూమ్మీద ఇంకో జన్మే కదండీ. వీళ్ళు చెప్పేది అది కాదు, భూమ్మీద పుట్టడం ఒక్కసారే” అన్నారు. ఆ జాగ్రత్తకు నేను నిజంగా కృతజ్ఞుణ్ణి. నా చిన్నతనంలో మా ఊరి కంబారి (పాలేరు) కొడుకు బడికి ఎందుకు రాడని అడిగితే, “వాడు చేసుకున్న కర్మ” అని పెద్దలు చెప్పేవారు. రెండు సిద్ధాంతాలూ ఒకటి కావు. అయినా, తనకు జ్ఞాపకం లేని తప్పుకు, సంజాయిషీ చెప్పుకునే వీలే లేని నేరానికి, ఒక మనిషిని అతని పుట్టుకనే సాక్ష్యంగా చూపి దోషిని చేయడం రెండుచోట్లా ఉంది. పదాలను కలగాపులగం చేయకపోతేనే ఈ పోలిక నిజాయితీగా నిలుస్తుంది.

లోపం లేకపోలేదు. నల్లని చర్మం దైవ శాపానికి గుర్తు అనే పాత సిద్ధాంతాలను సంఘం నేడు తోసిపుచ్చుతోందని 2013 వ్యాసం చెప్పగా, తొలి ప్రతిలో ఆ వాక్యం ‘క్షమాపణ కోరుతోంది’ అని వచ్చింది. వ్యాసంలో క్షమాపణ లేదు. జాతి వివక్షను అన్ని రూపాలలోనూ ఖండించింది, పాత వివరణలను తనవి కావంది. నిషేధం విధించడమే పొరపాటని మాత్రం సూటిగా అనలేదు. లేని పశ్చాత్తాపాన్ని అనువాదం కల్పించి ఉంటే, నేను మా బృందం ముందు అబద్ధం చెప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి. తప్పు చూపగానే ఆవిడ మూలాన్ని నా ఎదుటే మళ్ళీ చదివి, ‘తోసిపుచ్చుతోంది’ అని దిద్దారు. దానికి అదనపు రుసుము తీసుకోలేదు.

అనువాదానికి పేజీకి 180 రూపాయలు, టైపింగుకు 30 రూపాయలు తీసుకున్నారు. మన ఊళ్ళో ఇది అధికం కాదు. మొదట పాత డీటీపీ ఫాంటులో ఇచ్చిన ఫైలు ఫోనులో తెరుచుకోలేదు కనుక యూనికోడ్‌లో కావాలని ముందే చెప్పండి. అయిదు రోజులన్న పనికి తొమ్మిది రోజులు పట్టింది. 1978 నాటి ప్రకటనను కూడా వారికే ఇచ్చాను. బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవారు సాయంత్రం 5 గంటల తరువాత వెళ్ళడం మేలు. అనువాదం చూసే ఆవిడ ఆ వేళకే వస్తారు.