కొండల్లో బస ఎక్కడ మేలు: కింద లాడ్జిలోనా, పైన పల్లె ఇంట్లోనా?

కొండ ప్రాంతానికి వెళ్లి పల్లె జీవితం చూడాలి, నాలుగు రోజులు నడవాలి అనుకుంటే ముందుగా తేల్చుకోవాల్సింది రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాం అన్నదే. బస్సు దిగిన చిన్న టౌన్‌లోనే లాడ్జి తీసుకుని రోజూ ట్రెక్‌కి వెళ్లి రావచ్చు, లేదంటే పైన పల్లెలో ఎవరింట్లోనైనా హోమ్‌స్టేలో దిగి అక్కడి నుంచి నడవచ్చు. నా ఓటు పల్లెకే, కాకపోతే ఒకే ఇంట్లో కనీసం రెండు రాత్రులు ఉండగలిగితేనే.

ఎందుకంటే ఊరు ఊరులా కనిపించేది తెల్లవారి పశువులను తోలుకెళ్లేటప్పుడు, మళ్లీ చీకటిపడి అందరూ ఇళ్లు చేరాక. లాడ్జి నుంచి బయల్దేరిన మనం పదకొండింటికి అక్కడికి చేరి నాలుగింటికల్లా వెనక్కి తిరిగితే ఆ రెండూ పోతాయి. ఇక మొదటి రోజంతా ఇరువైపులా మొహమాటమే. రెండో రోజుకి ఇంటావిడ పని చేసుకుంటూనే కబుర్లు చెబుతుంది, మనం కూడా ఏదో ఒక పనిలో చెయ్యి వేస్తాం. రాత్రికో ఊరు మారుతూ అయిదు ఊళ్లు చుట్టేవాళ్లకు ఇది దొరకదు.

డబ్బు సంగతీ అంతే. గది అద్దె, భోజనం ఖర్చు నేరుగా ఆ ఇంటికి చేరాలి, మధ్యలో ఏజెంట్ ఉంటే ఇంటివాళ్లకు ఎంత వెళ్తుందో అడగడంలో తప్పేం లేదు. కొన్నిచోట్ల ఊరి కమిటీయే వంతులవారీగా అతిథులను ఇళ్లకు పంపుతుంది, అలాంటి ఊరు దొరికితే వదలకండి. గైడ్‌ని కూడా ఆ ఊరి నుంచే తీసుకోండి. సామాను మోయడానికి మనిషిని పెట్టుకుంటే ఎంత బరువు ఎత్తిస్తున్నామో చూసుకోండి, ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం మీద ఒక్కో మనిషికి పరిమితి 20 కిలోలు, మిగతాచోట్ల రూల్ లేకపోయినా మనం అదే పాటించవచ్చు.

పల్లెలో దిగితే మన బాధ్యతా పెరుగుతుంది. అక్కడికి చెత్తబండి రాదు, కాబట్టి ప్లాస్టిక్, వెట్ వైప్స్ అన్నీ బ్యాగులో కిందికి తెచ్చుకోవాల్సిందే. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో రోజూ వేడినీళ్ల స్నానం అడిగితే అది అడవి మీద పడే భారం. దారిలో దొడ్డికి వెళ్లే అవసరం పడితే వాగుకు కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చాలి.

లాడ్జి మేలనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి. పెద్దవాళ్లు వెంట ఉన్నా, డాక్టర్ దగ్గర్లో ఉండాల్సిన ఆరోగ్యమైనా టెన్షన్ లేకుండా టౌన్‌లోనే ఉండండి. ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వాంతులు రావచ్చు, రోజూ వ్యాయామం చేసేవాళ్లకు రాదని ఏమీ లేదు. పల్లె బాగా ఎత్తులో ఉంటే మొదటి రాత్రులు కింద టౌన్‌లో గడిపి ఆ తర్వాత ఎక్కండి. 3,000 మీటర్ల పైన, ముందు రాత్రి పడుకున్న ఎత్తు కంటే 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదు. లక్షణాలు కనబడితే అక్కడే ఆగాలి, ముదిరితే రాత్రయినా సరే దిగిపోవాలి.

చేతిలో రెండు రోజులే ఉంటే లాడ్జిలోనే ఉండి, ఒక్క పల్లె ఎంచుకుని, వరసగా రెండు రోజులూ ఆ ఊరికే వెళ్లండి.