ఆఫీసు డెస్క్ ఫోన్‌లో స్పీడ్ డయల్: దాచుకోవడం సులువే, తంటా అంతా మార్చేటప్పుడే

జేబులో ఫోన్ ఉండగా బల్ల మీది ఫోన్‌లో పది నంబర్లు దాచుకోవడానికి ఇంత హైరానా ఎందుకని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడుగుతుంటారు. రోజంతా రిసీవర్ చెవికి ఆనించుకుని పనిచేసేవాళ్లకు ఈ అనుమానం రాదు. ఒక చేత్తో ఫైలు తిరగేస్తూ, కళ్లు అటు తిప్పకుండానే వేలితో తడిమి నొక్కగలిగే బటన్ విలువ వాళ్లకు తెలుసు. నేను చాలా ఏళ్లు మామూలు టెలిఫోన్ లైను మీద నడిచే అనలాగ్ డెస్క్ ఫోన్ వాడాను, ఆ తర్వాత కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్‌కి మారాను. ఈ రెండింట్లోనూ స్పీడ్ డయల్, అంటే ఒక్క బటన్‌తో దాచిన నంబరుకి కాల్ చేసే సదుపాయం, ఎలా ఉందో మాత్రమే ఇక్కడ చెబుతాను. మాట స్పష్టత, స్పీకర్ లాంటి సంగతుల జోలికి పోను.

అనలాగ్ ఫోన్‌లో నంబరు దాచడానికి అర నిమిషం చాలు. స్టోర్ నొక్కాలి, నంబరు కొట్టాలి, ఏ మెమరీ బటన్ మీద ఉండాలో దాన్ని నొక్కాలి. మోడల్‌ని బట్టి ఈ వరస కాస్త అటూ ఇటూ అవుతుంది. కొన్నింటికి రిసీవర్ ఎత్తి ఉంచాలి, కొన్నింటికి పెట్టే ఉంచాలి. ఇంతవరకూ ఫిర్యాదు లేదు. నంబరు మార్చాల్సి వచ్చినప్పుడే ఫోన్ అసలు స్వభావం బయటపడుతుంది. తెర లేని ఫోన్‌లో ఏ బటన్ వెనుక ఏ నంబరు ఉందో చూసే దారే లేదు. నొక్కితే తెలుస్తుంది, కానీ ఈలోగా అవతల రింగ్ అయిపోతుంది. చివరి అంకె ఒక్కటి మారినా నంబరంతా మొదటి నుంచీ కొట్టాల్సిందే. ఆ బటన్ మీద ఇప్పటికే ఒక నంబరు ఉంది, తీసేయమంటారా అని అడిగే మర్యాద కూడా దానికి లేదు, నిశ్శబ్దంగా చెరిపేస్తుంది. పైగా కొన్ని పాత మోడళ్లు మెమరీ నిలబెట్టుకోవడానికి చిన్న బ్యాటరీల మీద ఆధారపడతాయి. ఆ బ్యాటరీలు అయిపోయాయని ఎవరూ చూసుకోరు. బల్ల జరపడానికి వైరు ఊడదీసిన రోజున నంబర్లన్నీ పోతాయి.

ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ (లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలిపే యంత్రం) వెనుక ఉన్న ఫోన్లకు ఇంకో చిక్కుంది. బయటి లైను కోసం ముందు 0 గానీ 9 గానీ కొట్టాలి. చేత్తో కొట్టేటప్పుడు రెండో డయల్ టోన్ విని ఆగుతాం. స్పీడ్ డయల్ బటన్‌కి ఆ ఓపిక ఉండదు, అంకెలన్నీ గబగబా పంపేస్తుంది. బయటి లైను దొరికేలోపే మొదటి ఒకటి రెండు అంకెలు గాల్లో కలిసిపోయి రాంగ్ నంబరు తగులుతుంది. 0 తర్వాత పాజ్ పెడితే ఈ బాధ తప్పుతుంది. చాలా ఫోన్లలో పాజ్‌కి వేరే బటన్ ఉండదు, నంబరు దాచే సమయంలో రీడయల్ బటనే పాజ్‌గా పనిచేస్తుంది. ఇది తెలియక ఫోన్ పాడైందని మూలన పడేసినవాళ్లు ఉన్నారు.

ఐపీ ఫోన్‌కి వచ్చాక ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది. నంబరంతా ఒకే మూటగా వెళ్తుంది కాబట్టి బయటి లైను కోసం పాజ్ అక్కర్లేదు, ముందు అంకె మాత్రం ఉండాలి. నేను వాడే ఫోన్‌లో బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఎడిట్ చేసే తెర వస్తుంది. అందులో పేరు, నంబరు, ఏ లైను మీద వెళ్లాలి, అది స్పీడ్ డయలా ఇంకేదైనా పనా అన్నీ కనిపిస్తాయి. ఒక్క అంకె మార్చాలంటే ఆ ఒక్కటే మార్చొచ్చు. పేరు టైప్ చేయడం మాత్రం శిక్షే. అంకెల కీప్యాడ్ మీద ఒక్కో అక్షరానికి మూడు నాలుగు నొక్కులు పడతాయి. ఫోన్ ఐపీ అడ్రసుని కంప్యూటర్ బ్రౌజర్‌లో కొట్టి, అక్కడి పేజీలో అన్నీ ఒకేసారి సరిచేసుకోవడం ఎంతో హాయి. మీ అడ్మిన్ ఆ పేజీకి తాళం వేయకపోతేనే అనుకోండి.

కాల్ హిస్టరీ నుంచి నేరుగా స్పీడ్ డయల్‌కి ఎక్కించే సౌకర్యాన్ని చూసి మురిసిపోకండి. మనకు వచ్చిన కాల్ నంబరులో బయటి లైను అంకె ఉండదు. దాన్ని అలాగే దాచితే బటన్ పచ్చగా వెలుగుతుంది గానీ కాల్ వెళ్లదు. ఆ అంకెని ఎక్స్‌ఛేంజే చేర్చేలా అమర్చి ఉంటే సరే, లేకపోతే దాచిన వెంటనే ఎడిట్‌లోకి వెళ్లి మనమే చేర్చాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ నంబరు అసలు ఎక్కడ నిల్వ ఉందన్నది. 1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం సక్కసన్నాలో 1ఈఎస్ఎస్ అనే ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజ్ మొదలైంది. అది అందించిన స్పీడ్ కాలింగ్‌లో నంబర్లు ఉండేది ఫోన్‌లో కాదు, ఎక్స్‌ఛేంజ్‌లో. ఆఫీసుల్లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. అందరికీ పనికొచ్చే నంబర్లను అడ్మిన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఎక్కించి ఉంచితే, ఏ ఎక్స్‌టెన్షన్ నుంచైనా చిన్న కోడ్ కొట్టి వాడుకోవచ్చు. దూరపు కాల్స్ కట్టేసిన ఫోన్ నుంచి కూడా ఆ కోడ్‌తో కాల్ వెళ్లేలా చాలా ఎక్స్‌ఛేంజ్‌లలో అమర్చుకోవచ్చు. ఐపీ ఫోన్లకు ఫోన్, ఎక్స్‌ఛేంజ్ కాక మూడో చోటు కూడా ఉంటుంది, అది సర్వర్. ఆన్ అయినప్పుడల్లా సర్వర్ నుంచి సెట్టింగుల ఫైలు తెచ్చుకునే ఫోన్‌లో, మనం చేత్తో చేసిన మార్పులు నిలుస్తాయన్న హామీ లేదు. మా దగ్గర కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బటన్లు పాత నంబర్లకు తిరిగిపోయేవి. సొంత మార్పులను కాపాడే ఆప్షన్ ఆ ఫోన్‌లోనే ఉంది, కానీ దాన్ని పెట్టించేందుకు ఐటీ వాళ్ల చుట్టూ చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. అందుకే ఐపీ ఫోన్ చేతికొచ్చిన రోజే ఒక నంబరు దాచి, ఫోన్‌ని రీస్టార్ట్ చేసి చూడండి.

తోటి ఉద్యోగుల ఎక్స్‌టెన్షన్లకు నేను స్పీడ్ డయల్ వాడటం మానేశాను. వాటికి బీఎల్‌ఎఫ్ (బిజీ ల్యాంప్ ఫీల్డ్) బటన్లు, అంటే అవతలి ఫోన్ ఖాళీగా ఉందో లేదో దీపంతో చూపే బటన్లు, పెట్టుకున్నాను. నొక్కితే కాల్ ఎటూ వెళ్తుంది, అవతలి మనిషి ఇంకో కాల్‌లో ఉంటే ఎర్ర దీపం ముందే చెప్పేస్తుంది. అక్కడ రింగ్ అవుతుంటే కాల్‌ని ఇక్కడి నుంచే ఎత్తొచ్చు. బయటి నంబర్లకు ఈ సుఖం లేదు కాబట్టి స్పీడ్ డయల్‌ని వాటికే ఉంచాను. కాన్ఫరెన్స్ నంబరు పక్కనే దాని పిన్ కూడా దాచుకునే అలవాటు చాలామందికి ఉంది. ఆ బటన్‌ని దారిన పోయే ఎవరైనా నొక్కొచ్చని గుర్తుంచుకుంటే మంచిది. బల్ల తుడిచే గుడ్డ తగిలినా చాలు, చాలా ఫోన్లు స్పీకర్ ఆన్ చేసుకుని మరీ డయల్ చేసేస్తాయి.

తెర మీద పేర్లు కనిపించని ఫోన్‌లో బటన్ల పక్కన ప్లాస్టిక్ కింద కాగితం పట్టీ ఉంటుంది. దాని మీద పెన్సిల్‌తోనే రాయండి. లోపల నంబరు మార్చి పట్టీ మార్చకుండా వదిలేసిన ఫోన్‌తో వేగడం కంటే డైరెక్టరీ చూసి డయల్ చేయడం నయం.

బటన్లు చాలక పక్కన తగిలించే అదనపు బటన్ల పెట్టె కూడా కొంతకాలం వాడాను. రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లకు అది తప్పనిసరి. నా బల్ల మీద సగం బటన్లు ఖాళీగానే ఉండిపోయాయి, అందుకే వాళ్లకే ఇచ్చేశాను. బటన్ల అమరికను ఫైలుగా దింపుకునే సౌకర్యం బాగానే పనిచేసింది, అయితే ఆ ఫైలు అదే మోడల్ ఫోన్‌కి మాత్రమే ఎక్కింది. మోడల్ మారినప్పుడు మాత్రం అన్నీ మళ్లీ చేత్తోనే కొట్టుకున్నాను.