1989 గొప్పా, 1991 గొప్పా? మరి 2018 మాటేంటి?

2025లో పాత సినిమాలు వరసపెట్టి థియేటర్లకు తిరిగొచ్చాయి. ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’, మేలో ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’, నవంబరులో ‘శివ’. చూసొచ్చిన ప్రతివాళ్లూ నన్ను ఒకటే అడుగుతున్నారు: మన సినిమాకి అన్నిటికంటే మంచి ఏడాది ఏది? నలభై అయిదు దాటినవాళ్లయితే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు, ‘ఇంకేముంది, 1989’ అని. మా మేనల్లుడి వయసు వాళ్లు 2018 అంటారు. నేను 1991 అంటే రెండు వైపులా నవ్వుతారు. అందుకే ఒకసారి కూర్చుని లెక్క తేల్చుదామనుకున్నాను.

ముందు 1989. ఆ ఏడాది తరఫున వాదించడానికి లాయరు అక్కర్లేదు. మే 12న ‘గీతాంజలి’, అక్టోబరు 5న ‘శివ’. అయిదు నెలల తేడాలో రెండు. రెండింట్లోనూ నాగార్జునే హీరో, రెండింటికీ ఇళయరాజాయే సంగీతం. చావు దగ్గరపడ్డ ఇద్దరి ప్రేమకథని అంత తేలిగ్గా, అంత అల్లరిగా చెప్పొచ్చని మణిరత్నం చూపించేదాకా మనకి తెలీదు. పి.సి. శ్రీరామ్ కెమెరాలో పట్టుకున్న ఊటీ మంచు, వేటూరి పాటలు సరే. నాకు మాత్రం ఆ సినిమాలో నచ్చేది ఎవరూ గుండెలు బాదుకోకపోవడం.

ఇక ‘శివ’. సైకిల్ చైను గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను చెప్పను. శబ్దం గురించి చెబుతాను. అప్పటిదాకా మన విలన్ అంటే గట్టిగా అరవాలి, వికటంగా నవ్వాలి. రఘువరన్ భవానీ గొంతు పెంచడు. పక్కింటాయన కరెంటు బిల్లు గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు, హాల్లో మనకి వణుకు పుడుతుంది. ఎక్కడ మాట్లాడించకూడదో మాటలు రాసిన తనికెళ్ల భరణికి తెలుసు. రాంగోపాల్ వర్మకి అది మొదటి సినిమా అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఇంతవరకూ ఎవరితోనూ తగువు లేదు. నా లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఒక ఏడాది గట్టిదా కాదా తేల్చాలంటే దాని నెత్తిన ఉన్న రెండు సినిమాలూ తీసి పక్కన పెట్టాలి. మిగిలినదాంట్లో ఎంత సరుకుందో చూడాలి. శిఖరం ఎంత ఎత్తుందో చెప్పడం ఒక సినిమా గురించి చెప్పడమే. మామూలు శుక్రవారం నాడు చేతిలో డబ్బులుండి ఏదో ఒకటి చూద్దామని బయల్దేరినవాడికి ఏం దొరికింది? ఏడాది గురించి చెప్పాలంటే ఇది చెప్పాలి.

అలా చూస్తే 1989లో ఏం మిగులుతుంది? సంక్రాంతికి ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’. ‘ముద్దుల మావయ్య’. రామిరెడ్డిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరించే ‘అంకుశం’. వంశీ తీసిన ‘చెట్టు కింద ప్లీడరు’. విశ్వనాథ్ గారి ‘సూత్రధారులు’, కమల్ హాసన్ ‘ఇంద్రుడు చంద్రుడు’, ‘మౌన పోరాటం’. చెడ్డ జాబితా అని ఎవరనగలరు? కానీ ‘అంకుశం’, ‘ప్లీడరు’ మినహాయిస్తే వీటిలో చాలావరకు 1987లో వచ్చినా, 1988లో వచ్చినా ఇలాగే ఉండేవి. పొగరుబోతు అత్తకి బుద్ధి చెప్పే అల్లుడు, చెల్లెలి కోసం ప్రాణమిచ్చే అన్న, అప్పటికే మనకి బాగా పరిచయమైన చుట్టాలు. రెండు కొండలు, చుట్టూ మంచి మాగాణి. 1989 బొమ్మ నాకు అలా కనిపిస్తుంది.

ఇప్పుడు 1991కి రండి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, కాబట్టి పక్షపాతం ఉందంటే ఒప్పుకుంటాను. కానీ 1989లో కూడా స్కూల్లోనే ఉన్నాను కదా.

జనవరిలో ‘సీతారామయ్యగారి మనవరాలు’. కొడుకు మీద అలిగిన తాత, అమెరికా నుంచి వచ్చిన మనవరాలు, ఆ పిల్ల కడుపులో దాచుకొచ్చిన ఒక చావు కబురు. అక్కినేనికి అప్పుడు 66 ఏళ్లు. హీరోగా యాభై ఏళ్ల అలవాట్లన్నీ వదిలేసి ఒక మొండి ముసలాయనగా నిలబడ్డాడు. ఏప్రిల్ 1న బాపు రమణల ‘పెళ్లి పుస్తకం’. మేలో ‘గ్యాంగ్ లీడర్’. ఆ తర్వాత మోహన్ బాబు ‘అసెంబ్లీ రౌడీ’. జులైలో వెంకటేశ్ ‘కూలీ నెం.1’, అదే నెల 18న ‘ఆదిత్య 369’. అక్టోబరులో ‘క్షణ క్షణం’, దాని వెనకే ‘రౌడీ అల్లుడు’. ‘ఏప్రిల్ 1 విడుదల’, ‘ఎర్ర మందారం’, ‘మామగారు’, శారద ‘అమ్మ రాజీనామా’ కూడా ఆ ఏడాదివే.

వీటిలోంచి ఏ రెండయినా తీసేయండి. మీ ఇష్టం. ‘ఆదిత్య 369’, ‘క్షణ క్షణం’ తీసేస్తారా? ఏడాది ఇంకా కాళ్ల మీద నిలబడే ఉంటుంది. ‘గ్యాంగ్ లీడర్’, ‘మనవరాలు’ తీసేస్తారా? అయినా కూలదు. పైగా ఈ సినిమాలు ఒకదానికొకటి పోలిక లేనివి. కాలంలో వెనక్కి 1526కి వెళ్లి కృష్ణదేవరాయలి సభలో కూర్చుని, ముందుకు 2504కి వెళ్లే ‘ఆదిత్య 369’ కథ ఒకటి. దాన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావుకి అప్పటికి అరవై నిండవస్తున్నాయి, కుర్రవాళ్లకి రాని ఆలోచన ఆయనకొచ్చింది. ‘మిస్సమ్మ’లో పెళ్లికాని జంట మొగుడూ పెళ్లాలుగా నటిస్తే, దాన్ని తిరగేసి మొగుడూ పెళ్లాలు పెళ్లికానివాళ్లుగా నటించే కథ ఇంకొకటి. ఆ ‘పెళ్లి పుస్తకం’లో ఆరుద్ర రాసిన ‘శ్రీరస్తు శుభమస్తు’ లేకుండా మన ఇళ్లలో పెళ్లి వీడియో ఉందా?

నా వాదనకి అసలు సాక్షి మాత్రం పెద్ద హీరోల్లో లేడు. రాజేంద్రప్రసాద్. ‘పెళ్లి పుస్తకం’లో కాస్త బిడియం, కాస్త అసూయ కలిసిన ఉద్యోగి మొగుడు. ‘ఏప్రిల్ 1 విడుదల’లో నోరు తెరిస్తే అబద్ధమాడే దివాకరం, నెల రోజులు నిజమే చెప్పాలన్న ఒప్పందంలో ఇరుక్కుని ఊరందరి గుట్టూ బయటపెట్టేవాడు. ‘ఎర్ర మందారం’లో ఆ ముఖాన నవ్వు జాడే ఉండదు, దానికే నంది ఉత్తమ నటుడయ్యాడు. ఒకే ఏడాది, ఒకే మనిషి, ముగ్గురు దర్శకులు: బాపు, వంశీ, ముత్యాల సుబ్బయ్య. మధ్యరకం ఖర్చుతో తీసి, మధ్యరకం హాళ్లలో ఆడి, మంచిపేరు తెచ్చుకునే సినిమాకి అప్పట్లో చోటుండేది. ఆ చోటు ఎంత పెద్దదో కొలవాలంటే ఈ మూడూ వరసగా చూస్తే చాలు. పెద్ద హీరో సినిమా ఏ ఏడాదయినా వస్తుంది. మధ్య వరస పచ్చగా ఉంటేనే ఆ ఏడాది మంచి పంట అని నా నమ్మకం.

సంగీతం లెక్క తీసినా అంతే. 1989లో నచ్చిన పాటల్లో సగం పైన ఇళయరాజావే. 1991లో ఆయనా ఉన్నారు (‘ఆదిత్య 369’, ‘కూలీ నెం.1’, ‘ఏప్రిల్ 1 విడుదల’), పెద్దాయన మహదేవన్ ఉన్నారు, చిరంజీవికి బొంబాయి నుంచి బప్పీలహరి వచ్చారు, అటు కొత్తగా కీరవాణి ‘మనవరాలు’తో, ‘క్షణ క్షణం’తో తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ‘జామురాతిరి జాబిలమ్మ’ విన్నాక ఆ కుర్రాణ్ని ఆపడం ఎవరి వల్లా కాదని తెలిసిపోయింది.

వర్మ అభిమానులకి ఒక మాట. ‘శివ’ ఎక్కువ గొప్పదా, ‘క్షణ క్షణం’ ఎక్కువ గొప్పదా? చరిత్ర ‘శివ’ వైపు ఉంది, కాదనను. కానీ ఈ రాత్రి ఏదో ఒకటి పెట్టుకోమంటే నా చెయ్యి ‘క్షణ క్షణం’ మీదకే వెళుతుంది. అడవిలో రాత్రిపూట దొంగతో ఇరుక్కుని భయపడుతూ, సణుగుతూ, నమ్మాలో వద్దో తేల్చుకోలేని శ్రీదేవి సత్య ముందు మన తెలుగు హీరోయిన్ పాత్రలు చాలా చిన్నబోతాయి. ‘శివ’లో అమలకి చేయడానికి ఏముంది, చెప్పండి?

1991లో తాలు లేదా అంటే ఉంది. ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ మీద పెట్టుకున్న ఆశలు నీరుగారాయి. ఎన్టీఆర్ ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’ని అభిమానులే గుర్తుచేసుకోరు. 1989లో దున్నేసిన నాగార్జునకి ఇది నీరసమైన ఏడాది.

మధ్యలో ఉన్న 1990ని కూడా కొందరు తెస్తారు. ‘జగదేక వీరుడు’, ‘బొబ్బిలి రాజా’, ‘కర్తవ్యం’. మూడూ బ్రహ్మాండం, నాలుగోది అడిగితే నసుగుతారు. 1957 అంటారా, ‘మాయాబజార్’ వచ్చిన ఏడాదితో పోటీ పెట్టడం పాపం, దాన్ని దేవుడి గదిలో ఉంచుదాం. 2022 వాళ్లు ‘ఆర్ఆర్ఆర్’ తర్వాత ఏం చెబుతారో వినడానికి నేను సిద్ధం.

నా 1991కి నిజంగా చెమటలు పట్టించేది 2018 ఒక్కటే. మా మేనల్లుడితో వాదిస్తే నాకు అర్థమైంది. నా లెక్క వాడికి చెప్పి, ‘రంగస్థలం’, ‘మహానటి’ తీసేయరా చూద్దాం అన్నాను. వాడు తడుముకోలేదు. ‘కేరాఫ్ కంచరపాలెం, గూఢచారి, చి.ల.సౌ., అ!, ఆర్ఎక్స్ 100, గీత గోవిందం, తొలిప్రేమ, సమ్మోహనం, ఈ నగరానికి ఏమైంది’ అని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. నాకు నోట మాట రాలేదు. అందులో ‘కంచరపాలెం’, ‘గూఢచారి’, ‘చి.ల.సౌ.’, ‘అ!’, ‘ఆర్ఎక్స్ 100’, ‘తొలిప్రేమ’ దర్శకులందరికీ అవే మొదటి సినిమాలు. ఒక్క ఏడాదిలో ఇంతమంది కొత్తవాళ్లు పాసవడం 1991లోనూ జరగలేదు. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో ‘మహానటి’కి కీర్తి సురేశ్ ఉత్తమ నటి, ‘చి.ల.సౌ.’కి స్క్రీన్‌ప్లే, ‘అ!’కి మేకప్పూ ఎఫెక్టులూ, ‘రంగస్థలం’కి శబ్దం. మార్చిలో డిజిటల్ చార్జీల గొడవతో థియేటర్లు కొన్నాళ్లు మూతపడిన ఏడాదిలో ఇదంతా.

అయినా వెంట్రుకవాసి తేడాతో నా ఓటు 1991కే. కారణం ఒకటుంది. 1991లో ‘గ్యాంగ్ లీడర్’కి ఈలలు వేసినవాళ్లే ‘పెళ్లి పుస్తకం’ చూశారు. మా అమ్మా, మా ట్యూషను మాస్టారూ, మా వీధి చివర కిళ్లీకొట్టాయనా ఒకే హాల్లో కూర్చుని ‘ఏప్రిల్ 1 విడుదల’కి నవ్వడం నేను చూశాను. 2018 మధ్య వరస కూడా అంతే పచ్చగా ఉంది గానీ, దాని చుట్టూ కంచె ఉంది. ‘కంచరపాలెం’ ఎంత బాగుందో ఒకళ్లకొకళ్లం ఫోన్లలో చెప్పుకున్నాం. విశాఖలోని ఒక పేటలో అక్కడి జనాన్నే నటులుగా పెట్టి తీసిన ఆ సినిమాని మా వీధిలో ‘రంగస్థలం’ రెండుసార్లు చూసినవాళ్లు ఒక్కసారీ చూడలేదు. ఇందులో సినిమా తప్పేం లేదని మేనల్లుడు అంటాడు. నిజమే, లేదు. కానీ నేను లెక్కేస్తున్నది ఏడాదిని.

వాడు ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది: ఈ ఆదివారం వాడు ‘పెళ్లి పుస్తకం’ మొదటి నుంచి చివరిదాకా చూడాలి, ఫోను ముట్టుకోకుండా. నేను ‘అ!’ మళ్లీ చూడాలి. మొదటిసారి సగంలో నిద్రపోయానని వాడికి ఎవరు చెప్పారో!