స్పేర్ ఎయిర్ కొనాలా, పోనీ బాటిలా? హైదరాబాద్ డైవర్లకు పనికొచ్చేదేది

హైదరాబాద్‌లో స్కూబా నేర్చుకునేవాళ్లకు తొలి పాఠాలు ఈత కొలనులోనే. సముద్రంలో దిగాలంటే అండమాన్‌కో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికో, విశాఖకో, పుదుచ్చేరికో బయల్దేరాలి. మాస్కు, ఫిన్స్, డైవ్ కంప్యూటర్ కొన్నాక చాలామంది అడిగేది అత్యవసర గాలి సిలిండర్ గురించే. దొరికేవి మూడు రకాలు: అమెరికాలో సబ్‌మెర్సిబుల్ సిస్టమ్స్ కంపెనీ తయారుచేసే, నేరుగా నోట్లో పెట్టుకునే బుల్లి సిలిండర్ స్పేర్ ఎయిర్, విడి రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలి ఒత్తిడిని పీల్చడానికి వీలుగా తగ్గించి ఇచ్చే పరికరం) వాడే చిన్న సిలిండర్ పోనీ బాటిల్, చేతిపంపుతో కలిపి ఆన్‌లైన్‌లో అమ్మే అరలీటరు మినీ ట్యాంకు. 12 మీటర్లు దాటి దిగేవాళ్లకు పోనీ బాటిల్ తప్ప మిగతా రెండూ చాలవు. ఎందుకో లెక్కతో సహా చెబుతాం.

ఆక్టోపస్ (రెగ్యులేటర్‌కు ఉండే అదనపు మౌత్‌పీస్) ఉంది కదా, ఇంకో సిలిండర్ ఎందుకని చాలామంది అనుకుంటారు. మీ ఆక్టోపస్ కూడా మీ సిలిండర్‌లోని గాలినే తీసుకుంటుంది. అందులో గాలి అయిపోతే రెండు సెకండ్ స్టేజీలూ (రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగాలు) ఒకేసారి ఆగిపోతాయి. అసలైన రెండో గాలి మీ బడ్డీ (జతగా దిగే డైవర్) దగ్గర ఉంటుంది, అదీ అతను చేతికందే దూరంలో ఉంటేనే. పడవలో ఆ పూటే పరిచయమైన మనిషి బడ్డీ అయినప్పుడు ఆ దూరం కుదరడం కష్టం. డైవర్ల మరణాల మీద 2008లో వచ్చిన డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) సంస్థ విశ్లేషణలో, కారణం తేలిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతోనే మొదలయ్యాయి. పరికరం చెడిపోవడంతో మొదలైనవి 15 శాతం.

ఇక లెక్క. ప్రశాంతంగా ఉన్న డైవర్ ఉపరితలం దగ్గర నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పీలుస్తాడు. కంగారులో 30 అనుకుందాం, కొందరికి 40 కూడా దాటుతుంది. 30 మీటర్ల లోతులో ఒత్తిడి 4 బార్, ఉపరితలం మీద కన్నా నాలుగు రెట్లు, గాలి ఖర్చూ అన్ని రెట్లే. సమస్య ఏమిటో తెలుసుకుని, రెగ్యులేటర్ మార్చి, పైకి బయల్దేరడానికి ఒక నిమిషం పడితే 120 లీటర్లు ఖర్చు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి వస్తే 3 నిమిషాల 20 సెకన్లు, సగటు ఒత్తిడి 2.5 బార్, అంటే మరో 250 లీటర్లు. 5 మీటర్ల దగ్గర ముందుజాగ్రత్తగా 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌కు 135. మొత్తం 505 లీటర్లు. అదే 18 మీటర్ల నుంచైతే 84, 114, 135 కలిపి 333.

స్పేర్ ఎయిర్ పెద్ద మోడల్ 300లో ఉండేది 3 ఘనపుటడుగులు, అంటే 85 లీటర్లు. తయారీదారు చెప్పే 57 శ్వాసలు ఉపరితలం దగ్గరి లెక్క. 30 మీటర్ల దగ్గర అవి 14కు తగ్గిపోతాయి. 18 మీటర్ల దగ్గర మొత్తం సిలిండర్ ఒక్క నిమిషానికి సరిపోతుంది, పైకి రావడానికి ఏమీ మిగలదు. 12 మీటర్ల నుంచి వెంటనే బయల్దేరితే 64 లీటర్లు చాలు కాబట్టి చేరుకుంటారు, కానీ అక్కడ నిమిషం ఆగినా చాలదు. ఇదే కంపెనీ నీళ్లలో కూలిన హెలికాప్టర్ నుంచి బయటపడే సిబ్బంది కోసం హీడ్ అనే పరికరం చేస్తుంది. ఆ పనికి ఈ పరిమాణం బాగా సరిపోతుంది, ఎందుకంటే వాళ్లు రావాల్సింది కొద్ది మీటర్లే.

పనితనంలో స్పేర్ ఎయిర్‌కు వంక పెట్టలేం. బరువు కిలో దగ్గర, గొట్టం లేదు, నోట్లో పెట్టుకుంటే గాలి వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే సిలిండర్ నోటికే వేలాడుతుంది కాబట్టి ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే పోతుంది. మిగిలిన ఒక్క చేత్తోనే బీసీడీ (తేలడాన్ని అదుపుచేసే గాలి జాకెట్) లోంచి గాలి వదులుతూ పైకి రావాలి. నింపేటప్పుడు అడాప్టర్‌ను నిండు సిలిండర్‌కు, డైవ్‌కు ముందే బిగించాలి. డైవ్ అయ్యాక 50 బార్ మిగిలిన సిలిండర్‌కు బిగిస్తే స్పేర్ ఎయిర్‌లోకి వచ్చేదీ 50 బారే. 200 బార్ ఉన్న 11 లీటర్ల సిలిండర్ నుంచి నింపితే అందులో 7, 8 బార్లే తగ్గుతాయి కాబట్టి లోభం అక్కర్లేదు. వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే సిలిండర్ వేడెక్కి, చల్లారాక ఒత్తిడి పడిపోతుంది.

చేతిపంపు ట్యాంకు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అరలీటరు, 200 బార్, 100 లీటర్లు. ప్రకటనలో చెప్పే పది నిమిషాలు 10 మీటర్ల లోతులో సగమైపోతాయి. చేతిపంపులో తేమను, నూనెను ఆపే సరైన ఫిల్టర్ ఉండదు. దీన్ని ఎక్కువగా కొనేది శిక్షణ లేనివాళ్లు. సిలిండర్ గాలి పీల్చి ఊపిరి బిగబట్టి పైకి వస్తే రెండు మీటర్ల లోతు నుంచైనా ఊపిరితిత్తులు చిట్లవచ్చు.

పోనీ బాటిళ్లలో 6, 13, 19, 30 ఘనపుటడుగుల సైజులున్నాయి. 6లో సుమారు 170 లీటర్లు, అది వదిలేయండి. 13లో 370, ఇది 18 మీటర్ల వరకు. 19లో 540, ఇది 30 మీటర్ల వరకు. కంగారులో మీరు ఎక్కువ పీలుస్తారని తెలిస్తే 30 తీసుకోండి. ప్రధాన సిలిండర్ వెనక బెల్టులతో కట్టే పద్ధతి పడవ మీద విసిగిస్తుంది, ప్రతి డైవ్‌కూ విప్పి కట్టాలి. ఎడమ పక్కన వేలాడదీయడం మేలు: సిలిండర్ మెడ దగ్గర ఒక బోల్ట్ స్నాప్ (కొక్కెం), కింద ఒకటి, మీ భుజం డీ-రింగ్‌కూ నడుము డీ-రింగ్‌కూ. గేజ్ కళ్లెదుటే ఉంటుంది, అవసరమైతే విప్పి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు.

ఇందులో జరిగే పొరపాట్లు చాలావరకు ఒకే తరహావి. నీళ్లలోకి దూకేటప్పుడు తెలియక పోనీ రెగ్యులేటర్‌నే నోట్లో పెట్టుకోవడం మొదటిది. కాసేపటికి అత్యవసర గాలి అయిపోతుంది, ఆ సంగతి అవసరం పడినప్పుడే తెలుస్తుంది. అందుకే దాని సెకండ్ స్టేజ్ రంగు వేరుగా ఉండాలి, మెడలోని రబ్బరు తాడుకు తగిలించాలి, దూకే ముందు ప్రధాన గేజ్ చూస్తూ రెండు మూడు శ్వాసలు తీయాలి. వాల్వ్ మూసి దిగడం రెండోది. మూసి దిగితే ప్రమాదవశాత్తు గాలి పోదన్నది నిజమే, కానీ కంగారులో తడిమి తెరవాల్సి వస్తుంది. తెరిచే ఉంచి, మౌత్‌పీస్ కిందికి తిప్పి పెట్టుకుని, మధ్యమధ్యలో గేజ్ చూసుకోవడమే మా సలహా. మూడోది అన్నిటికన్నా చెడ్డది: పోనీ ఉంది కదా అని ఇంకొంచెంసేపు కింద ఉండటం. ప్రధాన సిలిండర్ లెక్కలో పోనీ గాలిని ఒక్క లీటరు కూడా కలపకూడదు.

హైదరాబాద్ వాళ్లకు అసలు చిక్కు విమానం, నింపుడు. 19 సైజు సిలిండర్, వాల్వ్, రెగ్యులేటర్ కలిపితే సుమారు ఐదు కిలోలు. అండమాన్ విమానంలో 15 కిలోల చెక్-ఇన్ పరిమితి ఉంటే అందులో మూడోవంతు దీనికే పోతుంది. గాలి నిండిన సిలిండర్‌ను విమానంలో ఎక్కనివ్వరు. ఖాళీ చేసి వాల్వ్ విప్పినా ఎయిర్‌లైన్ నుంచి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 500 మిల్లీలీటర్లు దాటిన సిలిండర్లన్నీ 2016 గ్యాస్ సిలిండర్ నిబంధనల కిందికి వస్తాయి, పెసో (పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) ఆమోదం లేకుండా విదేశం నుంచి తెప్పించడం కుదరదు. బాలానగర్, జీడిమెట్ల వైపు పారిశ్రామిక గ్యాస్ నింపేచోట ఇచ్చి నింపించే ఆలోచన అసలు వద్దు. పీల్చే గాలికి యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం, నూనె ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష చేసే కంప్రెసర్ దగ్గరే నింపించాలి.

కాబట్టి సిలిండర్ కొనకండి. ఒక మామూలు ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం), ఒక సెకండ్ స్టేజ్, చిన్న గేజ్, 80 నుంచి 100 సెంటీమీటర్ల గొట్టం, బోల్ట్ స్నాపులున్న స్టేజ్ కిట్ (సిలిండర్‌ను పక్కన తగిలించే పట్టీలు) కొనుక్కోండి. ఇవన్నీ రెండు కిలోల దగ్గర వస్తాయి. సిలిండర్ డైవ్ చేసేచోటే అద్దెకు తీసుకోండి. ఇంటికొచ్చాక రెగ్యులేటర్‌ను బోరు నీళ్లలో నానబెట్టవద్దు, ఆ ఉప్పు లోపల పేరుకుంటుంది. మున్సిపల్ నీళ్లు వాడి నీడలో ఆరబెట్టండి. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే మౌత్‌పీస్, ఓ-రింగులు (గాలి లీకు కాకుండా ఆపే రబ్బరు రింగులు) పాడవుతాయి. యోక్ వాల్వ్ (రెగ్యులేటర్‌ను బిగించే రెండు పద్ధతుల్లో ఒకటి, ఇంకోది డిన్) మీద కూర్చునే ఓ-రింగ్ 014 సైజు, గట్టిదనం 90 డ్యూరో. కొలత కలిసినా మెత్తటిది వేస్తే ఒత్తిడికి బయటికి తన్నుకొస్తుంది. అసలైనవి నాలుగు వెంట ఉంచుకోండి.

టికెట్ కొనేముందే డైవ్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి: చిన్న సిలిండర్ ఏ సైజుది ఉంది, వాల్వ్ యోకా డిన్నా, హైడ్రో టెస్ట్ (సిలిండర్ బలాన్ని నీటి ఒత్తిడితో చూసే పరీక్ష) ఏ సంవత్సరంలో చేయించారు, ఎన్ని బార్‌కు నింపి ఇస్తారు. టెక్నికల్ కోర్సులు నేర్పే సెంటర్లలో 40 సైజు స్టేజ్ సిలిండర్లు ఉంటాయి. కాస్త పెద్దవే, అయినా పని జరుగుతుంది. ఏదీ లేదంటే ఆ ట్రిప్పులో 18 మీటర్లకే ఆగి, బడ్డీకి చేతికందే దూరంలో ఉండండి.