మా ఇంటి రెండు సీట్ల మియాటా

అమెరికాలోని షార్లెట్‌లో మేముండే వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక వ్యానో, ఎత్తైన ఎస్‌యూవీయో ఉంటుంది. మా ఇంటి ముందు కూడా ఒక వ్యాను ఉంది. నలుగురం కలిసి వెళ్ళేది అందులోనే. దాని పక్కన నాలుగడుగుల ఎత్తుతో ఒక ఎర్ర కారు ఉంటుంది. అది నాది. మజ్దా ఎంఎక్స్-5 మియాటా, 2019 మోడల్, క్లబ్ రకం, బట్ట టాపు, క్లచ్చు, ఆరు గేర్లు. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 19 వేల మైళ్ళు తిరిగింది, ఇప్పుడు 52 వేలు దాటింది. ఈ మధ్య గుడిలోనూ పిల్లల స్కూలు దగ్గరా ముగ్గురు నలుగురు "బాగుంటుందా, కొనొచ్చా?" అని అడిగారు. పార్కింగ్‌లో నిలబడి రెండు మాటల్లో చెప్పే జవాబు కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు గేరు గురించి చెప్పాలి, నేను ఈ కారు కొన్నదే దాని కోసం. మా నాన్న కాకినాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవారు. నెలలో సగం రోజులు జీపులో రంపచోడవరం, మారేడుమిల్లి వైపు తిరిగేవారు. నా పంతొమ్మిదో ఏట డ్రైవింగు నేర్పింది ఆ జీపు మీదే. గేరు రాడ్డు చెయ్యంత పొడుగు. మూడులోంచి రెండులోకి రావాలంటే క్లచ్చు రెండుసార్లు తొక్కాలి. అమెరికా వచ్చాక పదిహేడేళ్ళు ఆటోమేటిక్ కార్లే నడిపాను. ఎడమకాలికి పనే లేదు. ఆఫీసు చేరేసరికి దారిలో ఏం చూశానో గుర్తుండేది కాదు. మియాటా గేరు రాడ్డు పొట్టిది, మణికట్టు కదిపితే చాలు, ఒక గేరులోంచి ఇంకో గేరులోకి టక్కున పడుతుంది. ఇండియాలో ఎడమచేత్తో వేసిన గేరు ఇక్కడ కుడిచేత్తో వెయ్యాలి కాబట్టి మొదటి వారం చెయ్యి తడబడింది. రెండో వారానికి, ఇరవై నిమిషాల ఆఫీసు దారిని కావాలని నలభై నిమిషాల దారిగా మార్చుకున్నాను.

గొప్ప వేగం ఉంటుందనుకుని మాత్రం దీన్ని కొనకండి. 2.0 లీటర్ల ఇంజను, 181 హార్స్‌పవర్. మామూలు ఫ్యామిలీ కార్లు కొన్నిటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ దీని బరువు సుమారు 2,340 పౌండ్లే, అంటే దాదాపు 1,060 కిలోలు. మా వ్యానులో దాదాపు సగం. ఆ బరువు ముందు చక్రాల మీదా వెనక చక్రాల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది, తోసేది వెనక చక్రాలు. స్టీరింగు కాస్త తిప్పగానే కారు ముక్కు తిరిగిపోతుంది. గంటకి 35 మైళ్ళ వేగంలో ఒక మలుపు తిరిగినా ఆ పని నేను చేశానన్న సంతోషం ఉంటుంది. 80 దాటితే గానీ హుషారు రాని కార్లు ఉన్నాయి. వాటితో పోలీసు టికెట్టు, ఇన్సూరెన్సు పెరుగుదల, అన్నిటికీ మించి ప్రమాదం. దీనికి స్పీడ్ లిమిట్ లోపలే కావలసినంత ఆనందం ఉంది. ఇంజను నిమిషానికి 7,500 చుట్ల (ఆర్‌పీఎం) దాకా లాగుతుంది. రెండో గేరులో హైవే ర్యాంపు ఎక్కేటప్పుడు టాపు తీసి ఉంటే ఆ శబ్దం కోసం నేను పాటలు ఆపేస్తాను.

ఈ తేలికదనం అనుకోకుండా వచ్చింది కాదు. ఒకప్పుడు ఎంజీ, ట్రయంఫ్, లోటస్ లాంటి బ్రిటిష్ కంపెనీలు ఇలాంటి చిన్న ఓపెన్ టాప్ కార్లు చేసేవి. ఎంజీ వాళ్ళ ఎంజీబీ కారు 1980లో ఆగిపోయింది, మిగతావీ దాదాపు కనుమరుగయ్యాయి. అలాంటిది మీరు చెయ్యండి అని మజ్దాకి చెప్పినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు జర్నలిస్టు. విన్నవాడు కెనిచి యమమోటో, తర్వాత ఆ కంపెనీకి ప్రెసిడెంటు అయ్యారు. 1989లో షికాగో ఆటో షోలో మియాటా బయటికి వచ్చింది. 2016 ఏప్రిల్‌లో పదిలక్షలవ మియాటా హిరోషిమాలో తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అమ్మకాల గిన్నిస్ రికార్డు దీనిదే. గుర్రమూ రౌతూ ఒకటైపోవడం అనే అర్థం వచ్చే 'జిన్బా ఇత్తాయ్' అన్న జపనీస్ మాటని వాళ్ళు దీనికి సూత్రంగా పెట్టుకున్నారు. గుర్రం ఎక్కిన అనుభవం నాకు లేదు గానీ, సైకిలు తొక్కేటప్పుడు సైకిలు వేరు, నేను వేరు అనిపించదు చూడండి, ఇదీ అంతే.

ఇక ఇబ్బందులు. ఇవి చిన్నవి కావు, కొనేముందే తెలియాలి.

డిక్కీ 130 లీటర్లు. లీటర్లలో చెబితే అర్థం కాదు కాబట్టి ఇలా చెబుతాను: 20 పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు పడుకోబెట్టి, వాటి మీద కూరగాయల కవర్లు రెండు పెడితే నిండిపోతుంది. డిక్కీ మూత చిన్నది, అందువల్ల లోపల చోటున్నా పెద్ద అట్టపెట్టె దూరదు. వెట్ గ్రైండరు కొన్న రోజు దాని పెట్టెని పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తెచ్చాను. ఇండియా నుంచి వచ్చేవాళ్ళని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకోవడం అనే పని ఈ కారుకి లేదు. యాభై పౌండ్ల సూట్‌కేసు ఒక్కటి కూడా ఎక్కదు.

లోపల గ్లోవ్ బాక్సు లేదు. రిజిస్ట్రేషన్ కాగితాలు, కళ్ళజోడు, టిష్యూలు అన్నీ రెండు సీట్ల మధ్య వెనకున్న చిన్న అరలో పెట్టాలి, చెయ్యి వెనక్కి తిప్పి తీసుకోవాలి. కప్పు పెట్టుకునే రింగులు కూడా మోచేతి వెనకే. వేడి కాఫీని నేను అక్కడ పెట్టడం మానేశాను.

టాపు మూసి ఉన్నా 70 మైళ్ళ మీద గాలి చప్పుడు, టైర్ల చప్పుడు బాగా వినిపిస్తాయి. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు "ఏంటీ? ఏంటీ?" అంటారు. రోజుకి గంట సేపు ఇంటర్‌స్టేట్ మీద ఆఫీసు కాల్స్ మాట్లాడుతూ వెళ్ళేవాళ్ళకి ఇది సరిపడదు. ట్రక్కుల పక్కన వెళ్ళేటప్పుడు వాటి చక్రం మన తల ఎత్తున ఉంటుంది. డ్రైవరుకి మనం కనపడుతున్నామో లేదో అన్న టెన్షన్ నాకు నాలుగేళ్ళయినా పోలేదు. వాళ్ళ పక్కన ఎక్కువసేపు ఉండను, దాటేస్తాను లేదా వెనక్కి తగ్గుతాను.

స్టెప్నీ లేదు. పంక్చరుకి మందు సీసా, గాలి కొట్టే చిన్న పంపు ఇస్తారు. టైరు పక్కభాగం చీలితే ఆ మందు పనికిరాదు, టో ట్రక్కు పిలవాల్సిందే. నా కారుకి ఉన్నవి వేసవి టైర్లు, చలి ముదిరితే వాటికి పట్టు తగ్గిపోతుంది. అందుకని జనవరిలో మంచు కురిసే రోజుల్లో దీన్ని బయటికి తియ్యను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. పదమూడేళ్ళ లోపు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. ఇందులో వెనక సీటే లేదు. మా పెద్దమ్మాయి నాతో వస్తుంది, తొమ్మిదేళ్ళ చిన్నవాడు గుమ్మంలో నిలబడి చూస్తాడు. ఇంకో నాలుగేళ్ళు ఆగాలి నాన్నా అని ప్రతిసారీ చెబుతాను. వాడు ఆ నాలుగేళ్ళని లెక్కపెట్టుకుంటున్నాడు.

పోయినేడాది అక్టోబరులో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి 74, రెండు మోకాళ్ళూ నొప్పులు. మియాటా సీటు దాదాపు నేల మీద కూర్చున్నట్టుంటుంది. మొదటిసారి ఒక కాలు లోపల పెట్టి దూరబోయి, నొప్పికి ఆగిపోయారు. తర్వాత మేమిద్దరం ఒక పద్ధతి కనుక్కున్నాం: టాపు తియ్యాలి, వెనక్కి తిరిగి మొదట సీటు మీద కూర్చోవాలి, ఆ తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు నేను చెయ్యి ఇవ్వాలి. పెద్దవాళ్ళు రోజూ ఎక్కే కారు ఇది కాదు.

ఆయన్ని టెయిల్ ఆఫ్ ది డ్రాగన్‌కి తీసుకెళ్ళాలని నా కోరిక. నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులో యూఎస్ 129 రోడ్డు అది, 11 మైళ్ళలో 318 మలుపులు. "మీ ఇద్దరే వెళ్ళి రండి, ముగ్గురికి చోటెక్కడుంది" అని అమ్మ అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, నిజం కాబట్టి. యాష్‌విల్ మీదుగా సుమారు నాలుగు గంటలు పట్టింది. ఆ రోడ్డు మొదలయ్యే డీల్స్ గ్యాప్ దగ్గర ఒక చెట్టుకి, మలుపుల్లో పడిపోయిన మోటార్‌సైకిళ్ళ ముక్కలు వేలాడదీసి ఉంటాయి. నాన్న వాటిని చాలాసేపు చూసి, "అమ్మాయ్, మనకి తొందరేం లేదు" అన్నారు.

అక్కడ లిమిట్ 30 మైళ్ళు. అంత వేగంలోనే వెళ్ళాం, వెనకొచ్చినవాళ్ళకి పక్కకి తప్పుకుని దారిచ్చాం. రెండు, మూడు, మళ్ళీ రెండు. ఒక మలుపు పూర్తయ్యేలోపే ఇంకోటి మొదలవుతుంది. మొదటి మైలు నాన్న తలుపు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత తలుపు వదిలేసి నా చెయ్యి వైపు చూడటం మొదలుపెట్టారు. ఒక దిగుడులో నేను మూడో గేరులో ఉండి బ్రేకు తొక్కుతుంటే, "ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు మీద ఆధారపడకు" అన్నారు. మారేడుమిల్లి ఘాట్‌లో జీపు నేర్పేటప్పుడు సరిగ్గా ఇదే చెప్పేవారు. రెండులోకి వేశాను, ఇంజనే కారుని పట్టి ఉంచింది. కాల్డర్‌వుడ్ డ్యామ్ కనపడే చోట ఆగాం. ఆకులు ఎర్రబడి ఉన్నాయి. నాన్న కారు దిగలేదు. టాపు తీసి ఉంది కాబట్టి కూర్చున్నచోటు నుంచే కొండ మొత్తం కనిపించింది. దిగలేని మనిషికి అదెంత వరమో ఆ రోజే తెలిసింది నాకు. అమ్మ కోసం ఆ తర్వాతి శనివారం వ్యానులో బ్లూరిడ్జ్ పార్క్‌వే మీదకి అందరం వెళ్ళాం.

కొనదలుచుకున్నవాళ్ళకి నా మాట. ఇంట్లో ఇంకో కారు ఉంటేనే కొనండి. సెకండ్ హ్యాండ్ అయితే 2019 గానీ ఆ తర్వాతది గానీ చూడండి. అంతకుముందు 2016 నుంచి వచ్చిన వాటిలో 155 హార్స్‌పవరే, పైగా వాటి స్టీరింగు ముందుకీ వెనక్కీ జరగదు. నేను ఐదడుగుల రెండంగుళాలు, నాకు ఆ జరగడం వల్లే క్లచ్చూ స్టీరింగూ రెండూ సరిగా అందాయి. ఆరడుగులు దాటినవాళ్ళు టాపు మూసి, తల తగులుతుందేమో కూర్చుని చూసుకోవాలి. ప్రీమియం పెట్రోలు పొయ్యమంటారు. హైవే మీద గ్యాలనుకి 34 మైళ్ళు అధికారిక లెక్క, నాకు ఇంచుమించు అంతే వస్తోంది. మడిచే లోహపు టాపు ఉండే ఆర్‌ఎఫ్ రకం కూడా ఉంది. దాని టాపు బటన్‌తో తెరుచుకుంటుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. నేను బట్ట టాపే ఎంచుకున్నాను, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూర్చునే ఒక్క గడియ తీసి వెనక్కి తోసేస్తే ఐదు సెకన్లలో ఆకాశం కింద ఉంటాం.

ఆ బట్ట టాపుకి ఒక సంరక్షణ ఉంది. వాన నీళ్ళు పోవడానికి సీట్ల వెనక రెండు పక్కలా చిన్న కాలువలుంటాయి. మా ఇంటి పక్క పైన్ చెట్టు సూదులు రాలి ఒక వానాకాలం నాకు ఒక కాలువ మూసుకుపోయింది, కార్పెట్ తడిసి రెండు వారాలు వాసన పోలేదు. ఇప్పుడు నెలకోసారి టాపు తీసి శుభ్రం చేస్తున్నాను. మీరు పాత కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు సీటు ముందుకి జరిపి, ఆ వెనక కార్పెట్‌ని చేత్తో నొక్కి చూడండి. తడి తగిలితే ఆ కారు వద్దు.