ఆడడానికి టీవీ కొనేవాళ్లకు: రెండు టీవీలతో ఏడేళ్లు గడిపాక

నా మొదటి 4కె టీవీని బొమ్మ చూసి కొన్నాను. దుకాణంలో వరసగా పెట్టిన టీవీల్లో అన్నిటికంటే ధగధగా మెరిసిపోతున్నది అదే. ఇంటికి తెచ్చి, ప్లేస్టేషన్ 4 ప్రో అనే గేమ్ కన్సోల్ తగిలించి ఒక ఫైటింగ్ గేమ్ మొదలుపెట్టాను. ఎదుటివాడి దెబ్బ వస్తున్నట్టు కనిపిస్తుంది, కాచుకునే బటన్ నొక్కుతాను, అయినా దెబ్బ తగులుతుంది. పాత టీవీ మీద అదే గేమ్‌లో అదే దెబ్బను తేలిగ్గా ఆపేవాణ్ణి. రెండు నెలల పాటు నా చేతులే మందగించాయనుకున్నాను. ఒకరోజు తమ్ముడు వచ్చి నాలుగు రౌండ్లు ఆడి, "అన్నా, నీ టీవీ ఆలస్యంగా చూపిస్తోంది. గేమ్ మోడ్ పెట్టావా?" అన్నాడు. పెట్టలేదు. అలాంటిదొకటి ఉందని కూడా నాకు తెలియదు. అది పెట్టిన నిమిషంలోనే ఆట మళ్లీ నా చేతికొచ్చింది.

ఆ టీవీని మూడేళ్లు వాడాను. అది 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ, అంటే వెనక దీపంతో వెలుగుతూ సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర. 2021లో 55 అంగుళాల, 120 హెర్ట్జ్ ఓలెడ్ (ఒక్కో పిక్సెల్ తానే వెలిగే తెర) కొన్నాను, దానికి ఇప్పుడు నాలుగేళ్లు దాటాయి. మెనూలో చూస్తే 5,200 గంటలు నడిచినట్టు ఉంది. అందులో సగానికి పైగా గేమ్‌లే. ఈ రెంటితో గడిపాక గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: ఆడడానికి కొనే టీవీలో మొదట చూడాల్సింది బటన్ నొక్కినప్పటి నుంచి తెర కదిలేదాకా పట్టే సమయం. బొమ్మ అందం ఆ తర్వాత. దుకాణంలో మాత్రం ఇది తలకిందులుగా జరుగుతుంది. అక్కడ బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది, ఆలస్యం కనిపించదు.

ఈ ఆలస్యాన్నే ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. కన్సోల్ పంపిన బొమ్మను టీవీ వెంటనే చూపించదు. మచ్చలు తుడుస్తుంది, అంచులు చెక్కుతుంది, కదలిక నున్నగా కనబడడానికి రెండు ఫ్రేముల (వరసగా వచ్చే విడి బొమ్మల) మధ్య తానే ఒక ఫ్రేమును తయారుచేసి పెడుతుంది. ఈ చివరి పనే అన్నిటికంటే ఎక్కువ సమయం తినేస్తుంది. మధ్య ఫ్రేము తయారుకావాలంటే తర్వాతి ఫ్రేము చేతికి రావాలి, అది వచ్చేదాకా ముందున్నదాన్ని ఆపి ఉంచాలి. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ తెలియదు, మాటలనూ అంతే ఆలస్యంగా వినిపిస్తే సరిపోతుంది. ఆటలో చెయ్యి పని చేస్తోంది కాబట్టి తెలిసిపోతుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేము తెరమీద ఉండేది 16.7 మిల్లీసెకన్లే. ఈ దిద్దుబాట్లను చాలావరకు ఆపేసేదే గేమ్ మోడ్. అది లేకపోతే చాలా టీవీల్లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే ఆరు ఫ్రేముల కిందటి ఆటను చూస్తూ ఇప్పటి బటన్ నొక్కుతున్నామన్నమాట. మంచి టీవీలో గేమ్ మోడ్ పెడితే అది 60 హెర్ట్జ్ దగ్గర 10, 15 మిల్లీసెకన్లకు దిగుతుంది. 120 హెర్ట్జ్ దగ్గర ఇంకా తక్కువ.

అమ్మేవాళ్లు తరచూ ఇక్కడ ఇంకో అంకె చెబుతారు, రెస్పాన్స్ టైమ్ అని. అది వేరే సంగతి. ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడానికి పట్టే సమయం అది. బాగా తక్కువ రెస్పాన్స్ టైమ్ ఉన్న టీవీలో కూడా ఇన్‌పుట్ ల్యాగ్ ఎక్కువ ఉండొచ్చు. మీరు అడగాల్సింది గేమ్ మోడ్‌లో ఇన్‌పుట్ ల్యాగ్ ఎంత అని. కంపెనీలు దాన్ని పెట్టెమీద వేయడం అరుదు. కొలిచి చెప్పే సమీక్షలు చదవాలి, వాటిలోనూ 60 దగ్గర ఎంత, 120 దగ్గర ఎంత అని విడిగా చూడాలి.

నా పాత టీవీలో ఇంకో తిప్పలు కూడా ఉండేవి. కన్సోల్ కేబుల్ తగిలించే ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు గేమ్ మోడ్ విడిగా పెట్టాలి. కన్సోల్‌ను ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు మారిస్తే మళ్లీ మొదటికొచ్చేది. కొత్త టీవీల్లో ఏఎల్ఎల్ఎమ్ అనే సదుపాయం ఉంటుంది. కన్సోల్ గేమ్ మొదలుపెట్టగానే టీవీయే గేమ్ మోడ్‌లోకి వెళ్తుంది, ఆపగానే బయటికి వస్తుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, టీవీని ఇంట్లో అందరూ వాడుతుంటే రోజూ రిమోట్‌తో కుస్తీ పట్టే పని తప్పుతుంది.

రెండో టీవీ కొనేటప్పుడు నా తల తిరిగింది హెచ్‌డీఎంఐ 2.1 దగ్గర. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చాక అందరి నోటా అదే మాట. పాత హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది. 4కె బొమ్మను సెకనుకు 60 సార్లు పంపడానికి అది చాలు, 120 సార్లు పంపడానికి చాలదు. 2.1లో 48 గిగాబిట్ల దాకా పోవచ్చు. అయితే 48 లేని పోర్టును తీసిపారేయక్కర్లేదు. సిరీస్ ఎక్స్ పంపేది 40, ప్లేస్టేషన్ 5 పంపేది 32. 4కె బొమ్మను 120 సార్లు పంపేటప్పుడు ప్లేస్టేషన్ 5 రంగు సమాచారాన్ని కొంత కుదించి పంపుతుంది, నేను కూర్చునే దూరం నుంచి ఆ తేడా ఎప్పుడూ కనిపించలేదు.

అసలు చిక్కు పేరులో ఉంది. 2.1లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమే. 4కె 120 తీసుకోలేని టీవీమీద కూడా 2.1 అని రాసుకోవచ్చు. అందుకని "2.1 ఉందా" అని అడగకండి. "4కె 120 తీసుకుంటుందా, ఏయే పోర్టుల్లో, వీఆర్ఆర్ ఉందా" అని అడగండి. వీఆర్ఆర్ అంటే గేమ్ వేగానికి తగ్గట్టు టీవీ తన వేగం మార్చుకోవడం. ప్యానెల్ అసలు వేగం 120 హెర్ట్జా అన్నది కూడా విడిగా అడగాలి. మోషన్ అనో, క్లియర్ అనో పేరు పెట్టి పక్కన 240 వేసిన టీవీలో లోపల ఉన్నది 60 హెర్ట్జ్ ప్యానెల్ కావచ్చు.

నేను అవన్నీ అడిగాను. అడగనిది ఒక్కటే మిగిలింది, అది నాలుగేళ్లుగా బాధపెడుతోంది. నా టీవీకి నాలుగు పోర్టులున్నా 4కె 120 తీసుకునేవి రెండే. ఆ రెంటిలో ఒకటి సౌండ్‌బార్ తగిలించాల్సిన ఈఆర్క్ పోర్టు. అంటే సౌండ్‌బార్ పెట్టాక కన్సోల్‌కు మిగిలింది ఒక్క పోర్టు. తమ్ముడు తన సిరీస్ ఎక్స్ తెచ్చినప్పుడల్లా ఏదో ఒక కన్సోల్ 60కి సర్దుకోవాల్సిందే. కన్సోల్‌ను సౌండ్‌బార్ ద్వారా పంపి చూశాను, ఆ సౌండ్‌బార్ 4కె 60 దాటి పోనివ్వదు. ఆప్టికల్ కేబుల్‌తో సౌండ్ తీసుకుంటే డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే సౌండ్) పోయింది. చివరికి టీవీ వెనక చెయ్యి పెట్టి కేబుళ్లు మార్చడం అలవాటైపోయింది. రెండు కన్సోళ్లు, ఒక సౌండ్‌బార్ ఉన్న ఇంటికి నాలుగు పోర్టులూ 4కె 120 తీసుకునే టీవీయే కావాలి. ఈ ఒక్క కారణానికి మిగతా విషయాల్లో కాస్త తగ్గినా ఫర్వాలేదు.

మొదటి రోజు టెన్షన్ కూడా చెప్పాలి. అన్నీ తగిలించాక కన్సోల్‌లో 120 హెర్ట్జ్ కనిపించలేదు. కేబుల్ అనుకున్నాను. కన్సోల్ పెట్టెలో వచ్చిన కేబుల్‌ను పక్కన పెట్టి, మర్నాడు ఇంకోటి కొనుక్కొచ్చాను. అప్పుడూ కనిపించలేదు. తప్పు కేబుల్‌ది కాదు. టీవీలో ఒక్కో పోర్టుకు పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగ్ విడిగా ఉంటుంది, పాత పరికరాలతో ఇబ్బంది రాకుండా దాన్ని ఆపి ఉంచి పంపుతారు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. ఎక్స్‌టర్నల్ ఇన్‌పుట్ మెనూలో వెతికితే దొరుకుతుంది. ప్లేస్టేషన్ 5, సిరీస్ ఎక్స్‌లతో వచ్చే కేబుల్ ఈ పనికి సరిపోయేదే. పొడుగు చాలక వేరేది కొనాల్సి వస్తే అల్ట్రా హై స్పీడ్ అనే ధ్రువీకరణ లేబుల్ ఉన్నదే తీసుకోండి.

ఇంతా చేసి 120 హెర్ట్జ్ వల్ల ఏం దక్కింది? నేను అనుకున్నది దక్కలేదు, అనుకోనిది దక్కింది. నిజంగా సెకనుకు 120 ఫ్రేములతో నడిచిన గేమ్‌లు నేను ఆడినవాటిలో కొన్నే. నాకు ఎక్కువ పనికొచ్చింది 40 ఫ్రేముల మోడ్. కథ నడిచే పెద్ద గేమ్‌ల్లో సాధారణంగా రెండు మోడ్‌లు ఇస్తారు. ఒకటి బొమ్మ బాగుండి 30 ఫ్రేములతో నడిచేది, ఇంకోటి వివరాలు తగ్గించి 60తో నడిచేది. 120 హెర్ట్జ్ టీవీ ఉంటే కొన్ని గేమ్‌లు మూడో దారి ఇస్తాయి, బొమ్మ దాదాపు అంతే ఉంచి 40 ఫ్రేములు. ముప్ఫై నుంచి నలభై అంటే పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ కంటికి తెలిసేది ఫ్రేముకు పట్టే సమయం. 30 దగ్గర అది 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7, 40 దగ్గర 25. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన. 60 హెర్ట్జ్ తెరలో 40 సమంగా ఇమడదు. 120లో ఒక్కో ఫ్రేమును మూడుసార్లు చూపిస్తే లెక్క సరిపోతుంది. ఈ మోడ్ అలవాటయ్యాక 30కి వెనక్కి వెళ్లడం నాకు కష్టమైంది.

వీఆర్ఆర్ సంగతీ ఇంతే, ఉన్నప్పుడు తెలియదు, ఆపితే తెలుస్తుంది. గేమ్ 60కి అటూ ఇటూ ఊగుతున్నప్పుడు టీవీ తన వేగాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటుంది. బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపించడం, గతుక్కుమనడం తగ్గుతాయి. ప్లేస్టేషన్ 5కు ఇది 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది. ఆ కన్సోల్‌లో ఇది పనిచేసేది 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య. ఫ్రేములు అంతకన్నా కిందికి పడిపోయే గేమ్‌ను అది కాపాడుతుందనుకోకండి. నా ఓలెడ్‌లో దీనికో లోపం ఉంది. ఫ్రేముల వేగం బాగా ఊగుతున్నప్పుడు చీకటి దృశ్యాల్లో, లోడింగ్ తెరల మీద నలుపు సన్నగా మినుకుమినుకుమంటుంది. గుహల్లో తిరిగే గేమ్ ఆడేటప్పుడు అది భరించలేక వీఆర్ఆర్ ఆపేశాను.

హెచ్‌డీఆర్ (వెలుగుకూ చీకటికీ తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) విషయంలో మొదటి టీవీ నన్ను నిరాశపరిచింది. పెట్టెమీద ఆ పేరుంది, టీవీ ఆ సిగ్నల్ తీసుకుంటుంది, చూపించే వెలుగు మాత్రం దాని దగ్గర లేదు. చీకటి భాగాల వెనక దీపాన్ని తగ్గించే లోకల్ డిమ్మింగ్ కూడా లేదు కాబట్టి రాత్రి దృశ్యం బూడిద రంగులో పాలిపోయేది. చివరికి హెచ్‌డీఆర్ ఆపి ఆడేవాణ్ణి, బొమ్మ అలాగే బాగుండేది. ఓలెడ్‌కు వచ్చాక హెచ్‌డీఆర్ అంటే ఏమిటో మొదటిసారి చూశాను. అయితే అక్కడా ఒక పని చేయాలి. వెలుగు దిద్దడం కన్సోల్‌కే వదిలేసే హెచ్‌జీఐజీ అనే ఎంపిక టీవీలో ఉంటే దాన్ని పెట్టి, ఆ తర్వాత కన్సోల్‌లోని హెచ్‌డీఆర్ సర్దుబాటు తెరలో గుర్తు కనపడీ కనపడకుండా పోయేదాకా అంకె మార్చుకోవాలి. నేను మొదట్లో టీవీ తన ఇష్టప్రకారం వెలుగు పెంచే మోడ్‌లో ఉంచి ఆ సర్దుబాటు చేశాను. కన్సోల్ ఒకసారి, టీవీ ఒకసారి దిద్దడంతో మేఘాల్లో వివరమంతా తెల్లగా కరిగిపోయింది.

ఓలెడ్ అనగానే అందరూ అడిగేది బర్న్-ఇన్, అంటే చాలాకాలం ఒకేచోట ఉన్న బొమ్మ గుర్తు తెరమీద పడిపోవడం. నాకు వచ్చింది. కానీ గేమ్‌ల వల్ల రాలేదు. ప్రాణం చూపించే గీత, మ్యాపు లాంటివి వందల గంటలు ఒకేచోట ఉన్నా వాటి గుర్తు పడలేదు. ఇంట్లో రోజూ నడిచే వార్తల చానల్ అడుగుపట్టీ గుర్తు పడింది. తెరంతా ఒకే బూడిద రంగు పెడితేనే లీలగా కనిపిస్తుంది, ఆడేటప్పుడు నా కంట ఎప్పుడూ పడలేదు. ఇందులో నా తప్పూ ఉంది. మొదటి ఏడాది రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ ఆపేసేవాణ్ణి. ఓలెడ్ టీవీలు రిమోట్‌తో ఆపాక స్టాండ్‌బైలో ఉండి పిక్సెళ్లను సరిచూసుకుంటాయి. కరెంటు తీసేస్తే ఆ పని జరగదు. గోడ స్విచ్ ముట్టుకోవడం మానేశాక ఆ గుర్తు పెరగలేదు.

ఓలెడ్‌లో నాకు ఇప్పటికీ నచ్చని విషయం ఇంకొకటుంది. 30 ఫ్రేముల గేమ్‌లో కెమెరా తిప్పితే బొమ్మ గతుకుల దారిలో వెళ్తున్నట్టు ఉంటుంది. పిక్సెల్ అప్పటికప్పుడే మారిపోయి, తర్వాతి ఫ్రేము వచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది. పాత ఎల్‌సీడీలో రంగు నెమ్మదిగా మారేది, ఆ మసక వల్ల ఇది అంతగా తెలిసేది కాదు. ఎక్కువగా 30 ఫ్రేముల గేమ్‌లు ఆడేవాళ్లు కొనేముందు ఇది ఒకసారి కళ్లతో చూడాలి.

సైజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. నేను రెండు మీటర్ల దూరంలో కూర్చుంటాను, చిన్న అక్షరాలు ఇబ్బంది లేకుండా చదవగలను. మూడు మీటర్లయితే ఇంకా పెద్దది కావాలి.

తమ్ముడు ఈ మధ్యే టీవీ కొన్నాడు. వాడి గదిలో పగలంతా ఎండ పడుతుంది, ఆడేది ఎక్కువగా పగలే. అందుకే ఓలెడ్ వద్దని చెప్పి, వెనక చిన్న చిన్న దీపాలతో ఎక్కువ వెలుగిచ్చే మినీ ఎల్ఈడీ ఎల్‌సీడీ కొనిపించాను. కొనేముందు వీఆర్ఆర్ పెట్టినా లోకల్ డిమ్మింగ్ పనిచేస్తుందా అని సమీక్షల్లో చూశాం, కొన్ని మోడళ్లలో అది ఆగిపోతుంది. చీకటి దృశ్యంలో తెల్లని అక్షరాల చుట్టూ కాస్త వెలుగు చిమ్ముతుంది, అది వాడికి పట్టింపు లేదు. నాలుగు పోర్టులూ 4కె 120 తీసుకుంటాయి, అది చూసినప్పుడు మాత్రం నాకు కొంచెం అసూయ కలిగింది. టీవీ వచ్చిన సాయంత్రమే ఫోన్ చేసి, "అన్నా, 120 రావట్లేదు, కేబుల్ మార్చమంటావా?" అన్నాడు. కేబుల్ జోలికి పోవద్దని చెప్పి, ముందు ఎక్స్‌టర్నల్ ఇన్‌పుట్ మెనూ తెరవమన్నాను.