ఎస్పీ రోడ్డులో లాప్‌టాప్ బోర్డు రిపేరు: వెళ్ళొచ్చు

కాఫీ ఒలికిన మా చెల్లి లాప్‌టాప్‌కి బోర్డే మార్చాలన్నారు సర్వీస్ సెంటర్‌లో. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో, మేడ మీదున్న ఓ చిన్న షాపుకి తీసుకెళ్ళాం. షాపాయన చిత్తూరు వైపు మనిషి. పనంతా మా ఎదురుగానే చేశారు.

ముందు బ్యాటరీ తీసేశారు. ఛార్జర్ నుంచి 19 వోల్టులు వస్తున్నాయి. ఆ తర్వాతి మెయిన్ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మీటరు పెడితే దాదాపు సున్నా ఓమ్‌లు. షార్టే, అంటే కరెంటు పనిచేయాల్సిన చోటికి వెళ్ళకుండా నేరుగా గ్రౌండ్‌లోకి పోయే దారి పడింది. "ఎక్కడ పోయిందో తెలీకుండా వేడిగాలి కొట్టకూడదమ్మా" అంటూ బెంచ్ సప్లై (కావలసినంత వోల్టేజీ పెట్టుకునే పవర్ పెట్టె) నుంచి ఆ లైనుకి 1 వోల్టు ఇచ్చి, బోర్డు మీద త్వరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాశారు. షార్టయిన భాగం వేడెక్కుతుంది కాబట్టి అక్కడ ముందు ఆరుతుంది. ఒక్కచోట మాత్రం తడి చటుక్కున ఆరిపోయింది. ఆవగింజంత కెపాసిటర్ (కరెంటుని కాస్త నిలవ చేసే భాగం)! దాన్ని తీయగానే షార్ట్ పోయింది.

అక్కడితో ఆపలేదు, అదే నాకు బాగా నచ్చింది. 3.3, 5 వోల్టుల లైన్లు కూడా చూసి, కీబోర్డు కనెక్టర్ కింద పట్టిన పచ్చటి చిలుమునంతా బ్రష్‌తో కడిగారు. దాన్ని వదిలేస్తే మెల్లగా తినేస్తుంది, బోర్డు మళ్ళీ పోతుంది.

బిల్లు మాత్రం అడిగితేనే ఇస్తారు. వారంటీ దాని మీదే రాయించుకోండి. శనివారం వెళ్తే నిలబడే చోటుండదు.